ఇంట్లో ఒకరికి హెపటైటిస్ బి అని తేలితే: వేరు పెట్టాల్సింది కంచం కాదు, బ్లేడు

రక్తదానం చేసిన నాలుగు రోజులకు బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. లేదా గల్ఫ్ మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారు. లేదా ఏదో చిన్న ఆపరేషన్‌కి ముందు చేసిన పరీక్షల్లో ‘హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్’ అని, అంటే ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉన్నట్టు, వస్తుంది. ఆ కాగితం ఇంటికొచ్చిన రోజే కంచం, గ్లాసు, దుప్పటి వేరైపోతాయి.

మా దగ్గరి బంధువుల ఇంట్లో అలాగే జరిగింది. ఆ అబ్బాయికి అన్నం విడిగా పెట్టేవారు, చంటిపిల్లను ఎత్తుకోనిచ్చేవారు కాదు. బాత్‌రూమ్ కిటికీలో మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే నెయిల్ కట్టర్, అన్నదమ్ములిద్దరికీ ఒకటే రేజర్! నెల రోజుల పాటు ఎవరికీ అటు దృష్టే పోలేదు.

హెపటైటిస్ బి అంటే లివర్‌ను దెబ్బతీసే వైరస్ జబ్బు. అది అంటుకునేది రక్తం వల్ల, లైంగిక సంబంధం వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు. ఈ మూడు దారులు ఎలా మూయాలో, ఏది ముందో ఏది తర్వాతో చాలామంది అడుగుతున్నారు. ఆ వరసలోనే రాస్తున్నాను.

## 1. ముందు రిపోర్టులో ఏ అక్షరం ఉందో చూడండి

‘పచ్చకామెర్లు’ జబ్బు పేరు కాదు, లక్షణం. దాని వెనక హెపటైటిస్ ఎ ఉండొచ్చు, ఇ ఉండొచ్చు, బి, సి ఉండొచ్చు, అసలు వైరస్సే కాకుండా మద్యమో, మందులో, పిత్తాశయంలో రాళ్లో కారణం కావచ్చు. జాగ్రత్తలు ఆ అక్షరాన్ని బట్టి మారిపోతాయి.

- ఎ, ఇ: మురుగు కలిసిన నీళ్లు, తిండి ద్వారా వస్తాయి. మరగకాచిన నీళ్లు, మలవిసర్జన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం, బయటి పానీపూరి నీళ్లకు, ఐసుకు దూరంగా ఉండడం ముఖ్యం. చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే మాత్రం ప్రాణాపాయం. కళ్లు పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.
- బి: టీకా ఉంది. వైరస్‌ను అదుపులో పెట్టే మాత్రలున్నాయి. దీర్ఘకాలికంగా ఉండిపోతే మాత్రం పూర్తిగా వదిలిపోవడం అరుదు.
- సి: టీకా లేదు. కానీ సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది.
- డి: హెపటైటిస్ బి ఉన్నవాళ్లకే వస్తుంది. బి టీకా వేయించుకుంటే దీన్నీ ఆపినట్టే.

ఇక్కడి నుంచి రాసేదంతా బి గురించి. ఇంట్లో ఉన్నది సి అయితే టీకా భాగం వదిలేసి రక్తం జాగ్రత్తలన్నీ పాటించండి. ‘యాంటీ హెచ్‌సీవీ పాజిటివ్’ అంటే ఇప్పుడు జబ్బు ఉందనే కాదు, నయమైన వాళ్లకూ అది జీవితాంతం పాజిటివ్‌గానే ఉండొచ్చు. వైరస్ ఇంకా ఉందో లేదో ఆర్‌ఎన్‌ఏ పరీక్షే చెబుతుంది.

## 2. ఇంట్లో అందరికీ పరీక్ష, ఒకే రోజున

భార్య లేదా భర్త, పిల్లలు, తల్లి, తోబుట్టువులు, అదే కప్పు కింద ఉంటున్న ఇంకెవరైనా సరే. తల్లిని, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. మన దేశంలో చాలామందికి ఈ వైరస్ పుట్టుకలోనో పసితనంలోనో సోకుతుంది. నలభై ఏళ్ల మనిషికి ఇవాళ బయటపడితే ‘ఎక్కడెక్కడ తిరిగాడో’ అని గుసగుసలాడేవాళ్లు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. పసికందుగా సోకితే పది మందిలో తొమ్మిది మందికి అది శాశ్వతంగా ఉండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సోకితే నూటికి 95 మందికి పైగా ఆరు నెలల్లో దానంతటదే పోతుంది.

ల్యాబ్‌లో ఈ మూడూ అడగండి:

- హెచ్‌బీఎస్‌ఏజీ: ఇప్పుడు వైరస్ ఉందా?
- యాంటీ హెచ్‌బీఎస్: రక్షణ ఉందా? 10 యూనిట్లు, అంతకు మించి ఉంటే ఉన్నట్టు.
- యాంటీ హెచ్‌బీసీ టోటల్: ఎప్పుడైనా వైరస్ ఒంట్లోకి వచ్చిందా?

ఫలితాలు ఇలా చదవాలి:

- మూడూ నెగటివ్: రక్షణ లేదు, టీకా కావాలి.
- రెండోది మాత్రమే పాజిటివ్: టీకా పనిచేసింది.
- మొదటిది నెగటివ్, మిగతా రెండూ పాజిటివ్: ఎప్పుడో వచ్చి పోయింది. టీకా అక్కర్లేదు. కానీ భవిష్యత్తులో కీమోథెరపీ, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాల్సి వస్తే ఈ కాగితం డాక్టర్‌కు చూపించాలి. దాగిన వైరస్ మళ్లీ లేచే ప్రమాదం ఉంది.
- మూడోది మాత్రమే పాజిటివ్: సొంతంగా అర్థం చెప్పుకోకండి, డాక్టర్‌ను అడగండి.
- మొదటిది పాజిటివ్: వైరస్ ఉంది. ఆరు నెలల తర్వాత కూడా అలాగే ఉంటే దీర్ఘకాలికం అంటారు.

ఇక్కడ జరిగే పొరపాటు: టీకా వేయించుకున్న వారం పది రోజులకు హెచ్‌బీఎస్‌ఏజీ చేయించి, పాజిటివ్ చూసి హడలిపోవడం. టీకాలో ఉండేది ఆ ప్రొటీనే కాబట్టి దాదాపు మూడు వారాల దాకా పరీక్షలో కనబడొచ్చు. అందుకే ముందు రక్తం ఇవ్వండి, తర్వాత టీకా వేయించుకోండి. రెండూ ఒకే పూట అయినా ఇబ్బంది లేదు.

డబ్బు సమస్య అయితే ప్రైవేటు ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలోనో బోధనాసుపత్రిలోనో ‘హెపటైటిస్ ట్రీట్‌మెంట్ సెంటర్ ఎక్కడ’ అని అడగండి.

## 3. టీకా: వేయించుకోవడం ఒక పని, పూర్తి చేయడం ఇంకో పని

పెద్దలకు సాధారణంగా మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు డోసు ఎక్కువ ఉంటుంది, అది కిడ్నీ డాక్టరే రాస్తారు.

హెపటైటిస్ బి టీకా దేశమంతటా పిల్లల టీకాల పట్టికలోకి వచ్చింది 2011లో. అంతకు ముందు పుట్టినవాళ్లు ‘చిన్నప్పుడు అన్నీ వేయించారు’ అన్న అమ్మ మాట మీద ఆధారపడొద్దు. కార్డు ఉంటే సరే, లేకపోతే పైన చెప్పిన పరీక్షే దిక్కు.

తరచూ జరిగే తప్పులు:

- మూడో డోసు మర్చిపోవడం. అందరూ చేసేది ఇదే. రెండేళ్లు ఆలస్యమైనా మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు, మిగిలిన డోసు వేయించుకుంటే చాలు.
- పిరుదుకు వేయించుకోవడం. పెద్దలకు భుజానికి, చంటిపిల్లలకు తొడకు వేయాలి. పిరుదు కొవ్వులోకి పోతే టీకా సరిగా పనిచేయదు.
- టీకా గడ్డకట్టడం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మెడికల్ షాపులో కొని క్లినిక్‌కి తీసుకెళ్లేటప్పుడు సీసాను నేరుగా ఐసుకు ఆనించొద్దు, ఇంట్లో ఫ్రీజర్‌లో అసలే పెట్టొద్దు. గడ్డకట్టిన టీకా కరిగాక చూడ్డానికి బాగానే ఉంటుంది, పని మాత్రం చేయదు.
- టైటర్, అంటే రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చెప్పే అంకె, చూసుకోకపోవడం. మామూలు జనానికి అక్కర్లేదు గానీ, పాజిటివ్ మనిషి భార్య లేదా భర్తకు, నర్సులకు, ల్యాబ్ వాళ్లకు తప్పనిసరి. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ చేయించాలి. పదికి తక్కువ వస్తే మళ్లీ కోర్సు వేయిస్తారు. కొందరి శరీరం మొదటిసారి స్పందించదు, అది వాళ్ల తప్పు కాదు.

## 4. ఇంట్లో ఏది వేరు, ఏది కలిపి

ఇందుకు ఒక గంట కేటాయించండి. ఒక డబ్బా పట్టుకుని బాత్‌రూమ్, అద్దం దగ్గరి అర, దేవుడి గది పక్క సొరుగు, కుట్టు మిషను పెట్టె తిరిగి రండి. రక్తం ఒక్క చుక్కయినా అంటే అవకాశం ఉన్న ప్రతి వస్తువూ ఎవరిది వాళ్లకే ఉండాలి. ఈ వైరస్ ఆరిపోయిన రక్తంలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కంటికి మరక కనబడనక్కర్లేదు.

ఎవరిది వాళ్లకే ఉండాల్సినవి:

- రేజర్, బ్లేడు, ట్రిమ్మర్
- నెయిల్ కట్టర్
- టూత్‌బ్రష్, నాలుక గీసుకునే బద్ద
- కమ్మలు, ముక్కుపుడక
- ముల్లు తీసుకునే సూది, పిన్నీసు
- షుగర్ చూసుకునే గ్లూకోమీటర్ పెన్ను, దాని సూదులు

చివరి రెండింటి దగ్గరే అందరూ దొరికిపోతారు. పిన్నీసు మన ఇళ్లలో గాజులకో, మంగళసూత్రానికో వేలాడుతూ ఉంటుంది. కాల్లో ముల్లు దిగినా, పళ్ల సందులో ఏదైనా ఇరుక్కున్నా అదే బయటికొస్తుంది. ఒకరి ముల్లు తీశాక తిరిగి గాజుకే చేరుతుంది.

షుగర్ పెన్ను సంగతి ఇంకా చెడ్డది. ‘సూది మార్చాం కదా’ అంటారు. సూది మార్చినా పెన్ను మూతి మీద రక్తం అంటుకుని ఉండొచ్చు. అమ్మకూ నాన్నకూ షుగర్ ఉంటే మీటర్ ఒకటే అయినా, ప్రతిసారీ తుడిచి వాడుకోవచ్చు గానీ, గుచ్చే పెన్నులు మాత్రం రెండు కొనండి. మీద పేర్లు రాసిన స్టిక్కర్ అంటించండి.

ఇంకొకటి, నానమ్మలు నొచ్చుకున్నా చెప్పాలి. అన్నం నమిలి పిల్లలకు పెట్టే అలవాటు ఉంటే మానేయాలి. చిగుళ్ల నుంచి వచ్చే రక్తం ఎంగిలిలో కలుస్తుంది.

వేరు పెట్టనక్కర్లేనివి:

- కంచం, గ్లాసు, చెంచా, మంచినీళ్ల బిందె
- మరుగుదొడ్డి, స్నానాల గది
- కలిసి భోజనం చేయడం, ఒకే మంచం, కౌగిలి, పిల్లల్ని ఎత్తుకోవడం
- ఆ మనిషి వండిన వంట

దగ్గు, తుమ్ము, దోమకాటు వల్ల కూడా రాదు. వంట చేస్తూ వేలు తెగితే కట్టు కట్టుకోవాలి, రక్తం పడిన కూర ముక్క పారేయాలి. అంతే, వంటింట్లోంచి మనిషిని పంపేయక్కర్లేదు.

## 5. రక్తం కారితే ఏం చేయాలి

ముందే ఒక చిన్న సంచి కట్టి పెట్టుకోండి: రబ్బరు గ్లవ్స్ రెండు జతలు, పాత వార్తాపత్రికలు, బ్యాండేజీలు, బట్టలకు వాడే లిక్విడ్ బ్లీచ్ సీసా.

1. గ్లవ్స్ వేసుకోండి. లేకపోతే చేతికి పాలిథిన్ కవర్ తొడుక్కోండి.
2. రక్తాన్ని కాగితంతో అద్ది తీసేయండి. రుద్దితే పరుచుకుంటుంది.
3. ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఆ చోట పోయండి. 10 నిమిషాలు వదిలేయండి.
4. తుడిచి, ఆ కాగితాలూ గ్లవ్స్ ఒక కవర్లో వేసి మూటకట్టండి.
5. చేతులు సబ్బుతో కడుక్కోండి.

కలిపిన నీళ్లు మర్నాటికి దాచొద్దు, బలం తగ్గిపోతుంది. బ్లీచ్‌ను యాసిడ్‌తో, టాయిలెట్ క్లీనర్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది. మన దగ్గర ‘రెండూ వేస్తే ఇంకా తెల్లగా అవుతుంది’ అనుకునేవాళ్లు తక్కువేం లేరు.

రక్తం పడిన బట్టలను ముందు చల్లనీళ్లలో జాడించి, తర్వాత సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి పారేయండి. వాడిన సూదులు, బ్లేడ్లు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. విడిగా చెత్తబుట్టలో వేస్తే చెత్త ఏరే మనిషి చేతికి గుచ్చుకుంటాయి.

## 6. భార్యాభర్తలు

రెండో మనిషికి టీకా పూర్తయి, టైటర్ 10 దాటిందని కాగితం మీద చూసేదాకా కండోమ్ వాడాలి. మొదటి డోసు వేయించుకున్నాక ‘ఇక ఫర్వాలేదు’ అనుకోవద్దు. రక్షణ వచ్చాక, ఈ ఒక్క జబ్బు విషయంలో, దూరం పాటించాల్సిన పని లేదు.

పెళ్లి కుదిరిన వాళ్లు కూడా అడుగుతుంటారు. దాచి పెళ్లి చేసుకోవడం కన్నా, ఆరు నెలల ముందు చెప్పి అవతలి వాళ్లకు టీకా వేయించడం తేలిక. ముహూర్తానికి అంత గడువు లేకపోతే తొందరగా ముగిసే టీకా పట్టికలూ ఉన్నాయి, డాక్టర్‌ను అడగండి.

## 7. తల్లి పాజిటివ్ అయితే: మొదటి 24 గంటలు

ఇంతసేపు చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఏమీ చేయకుండా వదిలేస్తే, వైరస్ ఎక్కువగా ఉన్న తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం చాలా ఎక్కువ. సమయానికి చేస్తే దాదాపు ఆపేయొచ్చు.

గర్భం ఉన్నప్పుడు

- మొదటి నెలల్లోనే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించాలి.
- పాజిటివ్ వస్తే వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో, చూడాలి. ఎక్కువగా ఉంటే, సాధారణంగా 2 లక్షల యూనిట్లు దాటితే, చివరి మూడు నెలల నుంచి టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు. ఇంకాస్త ముందే మొదలుపెట్టే డాక్టర్లూ ఉన్నారు.
- ఏడో నెలలోనే ఆసుపత్రిని రెండు ప్రశ్నలు అడగండి: ‘బిడ్డకు పుట్టగానే టీకా వేస్తారా? హెచ్‌బీఐజీ ఇంజెక్షన్ మీ దగ్గర ఉంటుందా?’

రెండో ప్రశ్న వేయకపోవడం వల్లే చాలా మంది ఇరుక్కుంటారు. హెచ్‌బీఐజీ అంటే అప్పటికప్పుడు రక్షణ ఇచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్. ఖరీదెక్కువ, అన్ని షాపుల్లో దొరకదు. ఆదివారం అర్ధరాత్రి కాన్పయితే ఎక్కడ వెతుకుతారు? ప్రభుత్వ కార్యక్రమంలో దీన్ని ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది, అయినా స్టాక్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

పుట్టాక

- టీకా 24 గంటల్లోపు, వీలైతే 12 గంటల్లోపు.
- హెచ్‌బీఐజీ అదే సమయంలో, రెండో తొడకు.
- తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాలు. హెపటైటిస్ బి అందులోనే ఉంటుంది.
- 9 నెలలు నిండాక బిడ్డకు హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ పరీక్షలు. అంతకు ముందు చేయిస్తే హెచ్‌బీఐజీ ప్రభావం వల్ల ఫలితం తికమక పెడుతుంది.

తల్లిపాలు ఇవ్వొచ్చు. చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే డాక్టర్‌కి చెప్పండి. ఈ జబ్బు ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ అక్కర్లేదు. ‘మంచి రోజు చూసి టీకా వేయిద్దాం, పురుడు వెళ్లాక చూద్దాం’ అనే పెద్దలకు గట్టిగా చెప్పండి, ఈ టీకాకు వర్జ్యం లేదు.

## 8. గడప దాటితే

మంగలి షాపు. కొత్త బ్లేడు మీ కళ్లముందు విప్పించండి. బ్లేడు మార్చినా పటిక మారదు. ఒకే గడ్డను పొద్దుటి నుంచి వచ్చిన ప్రతి ముఖానికీ రుద్దుతారు, తెగిన చోటే మరీ రుద్దుతారు. ‘పటిక వద్దన్నా’ అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

పుట్టువెంట్రుకలు, గుండు. తిరుమల కల్యాణకట్టలో బ్లేడు భక్తుల చేతికే ఇస్తారు. ఊళ్లో జాతర దగ్గర అలా ఉండదు. ఇంటి నుంచే కొత్త బ్లేడ్లు జేబులో వేసుకెళ్లండి.

చెవులు కుట్టించడం, పచ్చబొట్టు. నిప్పు మీద చూపించడం, స్పిరిట్‌తో తుడవడం చాలదు. సీల్ విప్పిన కొత్త సూదితో కుట్టే డాక్టర్ దగ్గరికి వెళ్లడం మేలు. పచ్చబొట్టు అయితే సూదే కాదు, రంగు పోసిన గిన్నె కూడా కొత్తది కావాలి. జాతరలో వేసే పచ్చబొట్టు జోలికి పోవద్దు.

ఇంజెక్షన్లు. జ్వరం వస్తే ‘సూదేస్తేనే తగ్గుతుంది’ అని మనమే అడిగి వేయించుకుంటాం. ముందు ‘మాత్ర సరిపోదా?’ అని అడగండి. తప్పదంటే సిరంజి కవర్ మీ ముందు చింపాలి. మందు సీసాకు ముందే ఒక సూది గుచ్చి వదిలేసి ఉంటే ఆ మందు వద్దనండి.

## 9. సూది గుచ్చుకున్నా, రక్తం కంట్లో పడినా

1. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో కడగండి. కంట్లో పడితే నీళ్లతో బాగా కడగండి.
2. పిండొద్దు. నోటితో పీల్చొద్దు. బ్లీచ్ పోయొద్దు.
3. టైటర్ 10 దాటిన కాగితం ఉంటే హెపటైటిస్ బి విషయంలో టెన్షన్ లేదు.
4. లేకపోతే 24 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లండి. టీకా, అవసరమైతే హెచ్‌బీఐజీ వేస్తారు. ఆలస్యమైందని మానేయొద్దు, గుచ్చుకున్న ఏడు రోజుల దాకా హెచ్‌బీఐజీకి అవకాశం ఉంటుంది.
5. హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి పరీక్షల గురించీ అప్పుడే అడగండి.

## 10. పాజిటివ్ అయిన మనిషి పని

- రక్తం, అవయవాలు దానం చేయొద్దు.
- పళ్ల డాక్టర్‌కి, ఆపరేషన్ చేసేవారికి ముందే చెప్పండి.
- మద్యం పూర్తిగా మానేయండి.
- ‘నాకేం లేదు, బాగానే ఉన్నాను’ అనుకోకుండా ఆరు నెలలకోసారి, లేదా డాక్టర్ చెప్పిన గడువులో, లివర్ పరీక్షలు చేయించండి. అందరికీ మందులు అక్కర్లేదు, ఎవరికి కావాలో ఆ పరీక్షలే తేలుస్తాయి.
- మొదలుపెట్టిన మాత్ర సొంతంగా ఆపొద్దు. ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభించి లివర్ దెబ్బతినొచ్చు.

పసరు గురించి తప్పకుండా అడుగుతారు. హెపటైటిస్ ఎ దానంతటదే తగ్గేది కాబట్టి పసరు తాగినవాళ్లకు పసరే తగ్గించినట్టు కనబడుతుంది. బి అలా కాదు, కళ్ల పచ్చదనం పోయినా వైరస్ ఉండిపోవచ్చు. చేతి మీద వాతలు పెట్టించుకుంటే అదనంగా ఒక పుండు. పది మందికి వాడిన పరికరమైతే ఇంకా ప్రమాదం.

గల్ఫ్ మెడికల్‌లో పోయిన వాళ్లకు ‘మూడు నెలల కోర్సు, నెగటివ్ గ్యారంటీ’ అనే మాట ఎక్కడో ఒకచోట వినబడుతుంది. మాత్రలతో వైరల్ లోడ్ కనబడనంతగా తగ్గుతుంది, కానీ ఆ మెడికల్‌లో చూసే హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ కావడం చాలా అరుదు, దానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఆ కోర్సుకు అప్పు చేసి కట్టే డబ్బు ఉంటే, ముందు ఇంట్లో వాళ్ల టీకాలకు పెట్టండి.